వెళ్లొస్తాను

సాయంత్రం నాలుగున్నర. పొద్దుట పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. ఊరి చివర యూనివర్సిటీ గేటు దగ్గర మా ఆయన కారు ఆపి, అద్దం దించి, చిట్టి అడ్మిషన్ కాగితం చూపించారు. కాపలా అతను గొడుగు కింద నుంచే చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

చిట్టి మాకు ఒక్కతే కూతురు. ఆర్కిటెక్చర్ తప్ప ఇంకోటి చదవనని ఏడాదిగా భీష్మించుకు కూర్చుంది. మొదటి విడతలో సీటు రాలేదు. రెండో విడతలోనూ రాలేదు. తరగతులు మొదలైపోయాక, ఇక ఆశ వదిలేసుకున్నాక, అడ్మిషన్ల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నేనే ఎత్తాను.

"మీ అమ్మాయికి సీటుందండీ. చేరినవాళ్లలో ఒకమ్మాయి వెళ్లిపోయింది. హాస్టల్లో కూడా ఆ మంచమే ఇస్తాం. రేపే చేర్చెయ్యండి."

ఇంటి మీద బెంగతో వెళ్లిపోయిందనుకున్నాను. ఇంకెలా అనుకుంటాను?

మా చిట్టికి నోరెక్కువ. నన్ను "ఏమే అమ్మా" అంటుంది. వాళ్ల నాన్న కసిరినా మానదు. ఎక్కడికి బయల్దేరినా గడప దాటుతూ "పోతున్నా!" అని అరుస్తుంది.

"పోతున్నా అనకూడదే, వెళ్లొస్తా అను" అని దానికి మాటలొచ్చినప్పటి నుంచీ చెబుతున్నాను.

"రాక ఎక్కడికి పోతానే? నాకు వంట కూడా రాదు" అంటుంది.

ఆ ఒక్క మాట మాత్రం దాని నోట అనిపించలేకపోయాను.

హాస్టల్ కొత్త కట్టడం. రెండో అంతస్తులో, వరండా చివరి గది. కొత్త సున్నం వాసన, దాని మీద ఆరని బట్టల వాసన. పిల్లలెవరూ లేరు. ఆరు దాకా అందరూ స్టూడియోలో డ్రాయింగులు గీస్తూ ఉంటారని వార్డెన్ చెప్పింది. లావుపాటి మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతోంది.

"రెండు మంచాల గదండీ. ఇదివరకు రెండో మంచం మీదున్న పిల్ల వేరే గదికి మారింది. ప్రస్తుతానికి మీ అమ్మాయి ఒక్కతే."

"ఎందుకు మారిందీ?" అన్నాను.

"పిల్లలు కదా" అంది. తాళంచెవి నా చేతిలో పెట్టి దిగిపోయింది.

ఆయన బకెట్టూ మిగతా సామానూ తేవడానికి కారు దగ్గరికి వెళ్లారు. చిట్టి మాత్రం గదంతా గిరగిరా తిరిగింది. కిటికీ తెరిచింది, మూసింది. మంచం మీద కూర్చుని ఎగిరి చూసింది.

"ఏమే అమ్మా, ఏడుపు మొహం పెట్టకు. పెళ్లి చేసి పంపుతున్నట్టు."

"నేనెక్కడ ఏడుస్తున్నానే?"

"అదిగో, ముక్కు ఎర్రబడింది." తడిసిన జడ విప్పుకుంది. "తల కంపు కొడుతోంది. స్నానం చేసొస్తా. టవల్ పెట్టెలో అడుగున ఉంది, తీసి ఉంచు. పోతున్నా!"

"చిట్టీ..."

అప్పటికే వరండాలో ఉంది. స్నానాల గది అవతలి చివర, మెట్ల పక్కన. కాసేపటికి కుళాయి చప్పుడు వినిపించింది.

నేను టవల్ తీసి మంచం మీద పెట్టాను. దుప్పటి పరిచి అంచులు పరుపు కిందకి దోపుతున్నాను. వాసన మారింది. నిలవ నీళ్ల వాసన. చాలా రోజులుగా మూత తియ్యని తొట్టిలో నీళ్లలా.

తల తిప్పాను.

రెండో మంచం మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్లో సంచీ. బయటికెళ్లే బట్టల్లో ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు. గది మారిందన్న పిల్ల మిగిలిన సామాను కోసం వచ్చిందనుకున్నాను.

"నువ్వేనా అమ్మా, ఇక్కడుండే పిల్లవి?"

"అవునాంటీ."

"భోజనం బాగుంటుందా?"

"గుర్తులేదాంటీ."

పిల్లకి నిద్ర చాలినట్టు లేదు, పాపం. జుట్టు తడిగా మెడకి అంటుకుని ఉంది. మా అమ్మాయిని ఇంట్లో ఏమంటారని అడిగింది. చిట్టి అంటామన్నాను.

"చిట్టి" అంది, మెల్లగా. నోట్లో చప్పరించినట్టు. "రాత్రి ఎటు తిరిగి పడుకుంటుంది ఆంటీ?"

నవ్వొచ్చింది. "గోడ వైపు. మధ్యలో లేపినా అటే."

తలూపింది. లేచి సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగింది.

"ఇంటికి పోవాలని ఉందాంటీ. వెళ్లొస్తాను."

ఎంత మర్యాద గల పిల్ల! మా దాని నోట ఎన్నడూ రాని మాట. మనమేమంటాం? ఎవరు వెళ్లొస్తానన్నా అనేదే నేనూ అన్నాను.

"మంచిదమ్మా. రా."

ఆ పిల్ల కదల్లేదు.

"రమ్మన్నారా ఆంటీ?"

"రా తల్లీ" అన్నాను.

అప్పుడు నవ్వింది. వెళ్లింది. మెట్ల వైపే వెళ్లింది, స్నానాల గది వైపు. గుమ్మంలో తడి అడుగులు ఉన్నాయి. ఆమె కూర్చున్న మంచం మీద పరుపు లేదు. ఒట్టి చెక్క. చెక్క మీద నీళ్లు.

కరెంటు పోయింది.

ముసురు పట్టిన సాయంత్రం. కిటికీలో బూడిద రంగు తప్ప వెలుగు లేదు. వరండా మొత్తం చీకటి. దూరంగా కుళాయి పారుతోంది... పారుతోంది... ఆగింది.

"చిట్టీ?"

పలకలేదు.

గోడ పట్టుకుని వరండాలోకి వచ్చాను. ఎదురుగా ఎవరో నడిచొస్తున్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. తడి చెయ్యి. చల్లగా ఉంది.

"అమ్మా" అంది చిట్టి. "ఇంటికి వెళ్దాం."

"ఏమైందే?"

"ఇక్కడ వద్దమ్మా. ఇంటికి వెళ్దాం."

ఏడాదిగా ఈ చదువు కోసం అన్నం మానేసిన పిల్ల. కానీ నేను అడగలేదు. నాకూ అక్కడ నిలబడాలని లేదు. దాని చెయ్యి గట్టిగా పట్టుకుని మెట్ల వైపు నడిచాను. స్నానాల గది తలుపు దాటుతున్నాం.

లోపల్నుంచి...

"అమ్మా... టవల్ ఇవ్వవే."

చిట్టి గొంతు.

నా కాళ్లు ఆగిపోయాయి. చేతిలో చెయ్యి బిగిసింది.

"వినకమ్మా" అని చెవి దగ్గర గుసగుస. "అది నేను కాదు."

"ఏమే అమ్మా, చెవుడా? చలేస్తోందే..."

"వినకమ్మా. రా."

పరిగెత్తాను. ఎన్ని మెట్లు దూకానో తెలీదు. నా చేతిలో ఉన్న చేతిని వదల్లేదు. అదొక్కటే తెలుసు.

కింద వార్డెన్ టార్చితో ఎదురొచ్చింది. ఆ వెలుగులో మొదట నా పిల్ల మొహం చూశాను. చిట్టే. గడ్డం మీద పుట్టుమచ్చ. చిన్నప్పుడు పడి చిట్లిన కనుబొమ్మ. చేత్తో తడిమి చూశాను. చిట్టే.

"పైన... స్నానాల గదిలో ఎవరో ఉన్నారు" అన్నాను.

వార్డెన్ వెళ్లి చూసొచ్చింది. చాలాసేపు పట్టినట్టనిపించింది.

"ఎవరూ లేరండీ. కుళాయి కూడా కట్టేసే ఉంది."

"మరి గదిలో? మారిపోయిన పిల్ల వచ్చింది. నాతో మాట్లాడింది."

"ఆ పిల్ల స్టూడియోలో ఉందండీ. ఇప్పుడే నేను అక్కణ్ణుంచే వస్తున్నా."

"మా అమ్మాయికిచ్చిన సీటు... ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్లిపోయింది?"

వార్డెన్ టార్చి నేలకి దించింది.

"వెళ్లిపోయిందండీ" అంది. ఈసారి ఆ మాట నాకు అర్థమయ్యేలా అంది.

ఆయన బకెట్టు పట్టుకుని వానలో నిలబడి మా ముగ్గురినీ చూస్తున్నారు. సామాను తర్వాత చూసుకుందాం, కారు తియ్యమన్నాను. దారంతా సణిగారు.

"ఏడాది ప్రాణాలు తోడేశావు కదే. ఒక్క పూట ఉండలేకపోయావా?"

వెనక సీట్లోంచి చిట్టి మెత్తగా అంది: "ఇల్లే బాగుంటుంది నాన్నా."

ఎదురు చెప్పలేదు. ఒక్క వెటకారం లేదు. బెదిరిపోయింది పిల్ల, అనుకున్నాను. అలాగే అనుకోవాలనుకున్నాను.

ఆ రాత్రి దాని పక్కనే పడుకున్నాను. గోడ వైపు తిరిగి పడుకుంది. తెల్లారేదాకా అటే ఉంది. నేను చెప్పినట్టే.

తర్వాత ఆయన వెళ్లి సామాను తెచ్చారు. పరిచిన దుప్పటి పరిచినట్టే ఉందట. మంచం మీద నేను పొడిగా పెట్టిన టవల్ మాత్రం పిండితే నీళ్లు కారేలా ఉంది. వానజల్లు కొట్టి ఉంటుందన్నారు ఆయన. కిటికీ చిట్టి మూసింది. నేను చూశాను.

"పిల్ల మారింది, గమనించావా?" అన్నారు మొన్న, కాఫీ తాగుతూ. "నిన్ను ఒక్కసారైనా 'ఏమే' అనడం లేదు. బుద్ధొచ్చింది. నీకు సంతోషమేగా?"

నేను లేచి వంటింట్లోకి వెళ్లాను.

ఇప్పుడు దగ్గర్లోనే ఇంకో కాలేజీలో చేరింది. ఆర్కిటెక్చర్ ఊసు ఎత్తదు. పొద్దున్నే తల దువ్వుకుని, సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగుతుంది. నా వైపు తిరుగుతుంది.

"వెళ్లొస్తానమ్మా."

చిన్నప్పటి నుంచి దాని నోట వినాలని నేను ఎదురుచూసిన మాట.

అని, వెళ్లదు. నిలబడుతుంది. నేను బదులు చెప్పేదాకా కదలదు. నేను దాని భుజం మీదుగా వీధిలోకి, యూనివర్సిటీ వైపు పోయే రోడ్డు వైపు చూస్తాను. "రా" అంటాను. "రా తల్లీ. తొందరగా రా."

తనతోనే అన్నాననుకుంటుంది. నవ్వి వెళ్తుంది.

తలుపు వేసుకుని వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టుకుంటాను. ఆ రోజు ముగ్గురం వెళ్లాం. ఆయన క్షేమంగా వచ్చారు. నేను వచ్చాను.

మూడో వేలు ముడవలేకపోతున్నాను.