సలాంకి బదులిచ్చే పడవ

ఆ బోర్లించిన పడవ పక్కగా చీకట్లో వెళ్లొద్దని రేవులో అందరూ చెప్పేవారే. వెళ్లినా... సలాం చెప్పొద్దు. చెప్తే లోపలి నుంచి బదులొస్తుందట!

పడవ యజమాని కిందటేడు సముద్రంలో పోయాడు. పడవ మాత్రం ఒడ్డుకొచ్చింది. బతికున్నప్పుడు దాని నీడలోనే వల బాగుచేసుకుంటూ, దారిన పోయే ప్రతివాళ్ల సలాంకీ బదులిచ్చేవాడు. నోట్లో దారం పట్టుకుని ఉన్నా సరే, తీసి మరీ చెప్పేవాడు.

అతని తమ్ముడి భార్య చేపలమ్ముతుంది. తెల్లవారుజామున అజాన్ వినిపించేలోపు ఒడ్డు చేరకపోతే మంచి చేపలు ఇంకొకరి బుట్టలో పడతాయి. చుట్టుదారిన వెళ్తే కుదరదు. దయ్యానికి భయపడి కూర్చుంటే పొయ్యి వెలగదు కదా.

ఆ రోజు పడవ దగ్గరికి రాగానే, పాత అలవాటు... నోరు జారింది.

"సలాం, బావగారూ."

ఓ కెరటం వచ్చి వెనక్కి పోయింది. అప్పుడు పడవ కింద నుంచి, గొంతు తగ్గించి—

"వాలేకుం సలాం."

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. పరుగెత్తేదే. కానీ మాట వెంటే దగ్గు వినిపించింది. ఆ దగ్గు, పెళ్లయినప్పటి నుంచీ ఆమె పక్కనే పడుకుంటోంది.

బుట్ట దించి, వంగి, టార్చి వేసింది. మొగుడు! రాత్రి వేటకి వెళ్తున్నానని చెప్పిన మనిషి చాప మీద ముడుచుకుని కూర్చున్నాడు.

"ఇదేం పనయ్యా?"

"అన్న పోయాక నీళ్లలోకి వెళ్లాలంటే... నా వల్ల కావట్లేదే. పడవలు రాగానే వల లాగి, తడిసి ఇంటికొస్తున్నా. ఎవరికి వాళ్లు ఇంకో పడవలో వెళ్లాననుకుంటున్నారు. తెలిస్తే తలెత్తుకోలేను."

"నోరు మూసుకుని ఉండొచ్చుగా?"

"సలాం చెప్తే బదులివ్వకుండా ఎలాగే?"

ఆమెకి కోపం రావాలి. ఏడుపొచ్చింది. రోజూ ఆ తడి చొక్కా పిండి ఆరేసిందే తప్ప, ఆ మొహం ఒక్కసారి సరిగ్గా చూడలేదు.

మర్నాడు ఫ్లాస్కులో టీ తెచ్చింది. ఈసారి భయం లేదు.

"సలాం."

"వాలేకుం సలాం" అన్నాడు మొగుడు.

"వాలేకుం సలాం..." అంది ఇంకో గొంతు. కాస్త ఆలస్యంగా, నోట్లోంచి దారం తీసి చెప్పినట్టు.

ఆ వారమే మొగుడు వేటకి వెళ్లాడు. ఎలా ధైర్యం వచ్చిందని అడిగితే, "అన్న వెళ్లమన్నాడు" అని ఊరుకున్నాడు.

పడవ కింద ఇప్పుడెవరూ లేరు. ఆమె మాత్రం రోజూ అక్కడ ఒక గ్లాసు టీ పెట్టి వెళ్తుంది. తిరిగొచ్చేసరికి ఆ గ్లాసు... కడిగి, బోర్లించి ఉంటుందట.