అంచు కాలిన కాగితాలు

“సూరీ! ఒరే సూరీ! బేగి రారా బావా!”

వీర్రాజు కేక రేకుల షెడ్డులోంచి వచ్చింది. నేను బయట కుళాయి దగ్గర చేతులకంటిన జిగురు కడుక్కుంటున్నాను. డెబ్బై తొమ్మిది, కార్తీకమాసం. మధ్యాహ్నం మూడయి ఉంటుంది. హార్బరులో తుఫాను హెచ్చరిక జెండా ఎగరేశారని పొద్దున్నే చెప్పుకున్నారు. కానీ గాలన్నదే లేదు. గాజువాక మీద ఆకాశం తడి సిమెంటులా ముద్దగా దిగబడి ఉంది.

లోపలికి వెళ్ళాను. మా విమానం ముందున్న చెక్క పంకా మెల్లగా తిరుగుతోంది.

“నువ్వు తిప్పినావా?”

“నానేటి తిప్పడం! దానికే తొందరగున్నట్టుంది,” అని నవ్వాడు.

దానికి ఇంజను లేదు. అవసరమూ లేదు. వీర్రాజుది ఫొటోల పని. ఏటా ఎగ్జిబిషన్‌లో గుడ్డ మీద గీసిన విమానం ముందు జనాన్ని నిలబెట్టి ఫొటోలు తీసేవాడు. ఈ ఏడు యుద్ధం నాటి రెండు రెక్కల విమానాన్ని నిజం సైజులో చేయించి, కొత్త జంటల్ని అందులో కూర్చోబెట్టాలని వాడి ఆశ. నేను పడవలు కట్టే వడ్రంగిని. చదివింది ఏడో తరగతి. కానీ ఆకాశంలో ఏది ఎగిరినా ఒళ్ళు మరిచి చూస్తూ ఉండిపోతాను.

ఆ విమానం అసలు ప్లాన్లు నాకే దొరికాయి. కంచరపాలెంలో పాత ఇనుప సామాన్ల కొట్టులో, తుప్పు పట్టిన గొట్టంలో చుట్టి ఉన్నాయి. నీలం కాగితం, తెల్ల గీతలు. విప్పగానే... ఏం చెప్పను, పెళ్ళిచూపుల్లో పిల్ల తలెత్తి చూసినట్టయింది.

ప్రతి కాగితానికీ కుడి పక్క అంచు కాలి ఉంది.

మా పడవల పనిలో ఒక కట్టుబాటు ఉంది. మనుషుల్ని ముంచిన పడవ కొలతలతో ఇంకో పడవ కట్టరు. దాని కొలకర్ర చివర కాల్చి పారేస్తారు. కాలిన కొలకర్రని ఏ వడ్రంగీ ముట్టుకోడు. మా తాత చేతి దెబ్బలు తిని నేర్చుకున్న మాట అది.

కాగితం కర్ర కాదు కదా అనుకున్నాను. కత్తెరతో ఆ అంచులన్నీ కత్తిరించి వీర్రాజుకి ఇచ్చాను. చెబితే కట్టనివ్వడు. మూడు నెలలు రోజూ చెప్పాలనే అనుకున్నాను. రోజూ ఇంకో చెక్క బిగించాను.

“మొదటి బేరం నాదే,” అంటూ వీర్రాజు ఎక్కి కూర్చున్నాడు. “ఎలాగున్నాను? హీరోలాగున్నానా?”

“సేపల బుట్టలో పిల్లిలాగున్నావు.”

పకపకా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగింది.

షెడ్డులో వాసన మారింది. వార్నిష్ వాసన పోయి, ఏదో... ఉప్పునీటిలో నానిన తోలు వాసన. రేకుల కింద చీకటి చిక్కబడింది. ఎక్కడో చుక్క చుక్కగా నీరు కారుతున్న చప్పుడు. బయట వాన లేదు.

“బావా,” గుసగుసగా అన్నాడు. “కాళ్ళు తడుస్తన్నాయిరా.”

“దిగిపో.”

“లెగలేకపోతన్నాను.”

“ఏటి, ఆటలా?”

“కాదురా... నా ఒళ్ళో ఎవుడో కూసున్నాడు.”

ఎవరూ లేరు. కానీ వాడి తొడల మీద ప్యాంటు గుడ్డ నొక్కుకుపోయి ఉంది. బరువుకి నొక్కుకున్నట్టు.

చంకల కింద చేతులు వేసి లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను... వాడి నోట్లోంచి నీళ్ళు వచ్చాయి. నురగతో. నా చేతుల మీద పడ్డాయి. ఉప్పునీళ్ళు.

“సెప్పరా... దిగమని సెప్పు...”

అంచుల సంగతి చెప్పడానికి నాకప్పుడైనా నోరు రావాల్సింది. రాలేదు. బాడిస తీసుకుని పక్క చెక్కలు నరికాను. అవి ఊడిపడగానే వీర్రాజు నా మీదకి ఒరిగాడు. అప్పటికే అయిపోయింది.

పంకా ఆగింది.

ఊపిరితిత్తుల నిండా సముద్రపు నీరుందన్నాడు డాక్టరు. ఎక్కడ మునిగాడని అడిగాడు. రేకుల షెడ్డులో, పొడినేల మీద.

మర్నాడు పాడె ఎత్తబోతే నలుగురి వల్ల కాలేదు. ఎనిమిది మంది పట్టారు. వీర్రాజు బక్కపలచటి మనిషి.

సగం దారిలో దింపుడు కళ్ళం దగ్గర దించారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలుంటే పలుకుతుందని, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు కదా. వాడికి అన్నదమ్ములు లేరు. వద్దన్నా వెంట వచ్చిన వాళ్ళమ్మ కాసులమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వే పిలు నాయినా. నువ్వంటే ఆడికి పేణం.”

వంగాను. “వీర్రాజూ.”

ఏమీ లేదు.

“వీర్రాజూ...”

“ఊఁ.”

అందరూ విన్నారు. పాడె మోసినవాళ్ళు వెనక్కి గెంతారు. కాసులమ్మ ఏడుస్తూ, నవ్వుతూ, మట్టిలో కూలబడింది. “పలికినాడు! నా కొడుకు పలికినాడు! ఇంకొకపాలి పిలవరా సూరీ, లెగుత్తాడు!”

వాడి పెదాలు కదల్లేదు. చిన్నప్పట్నుంచీ విన్న గొంతు నాకు తెలియదా... అది వీర్రాజు గొంతు కాదు.

మూడోసారి పిలవాలి. పిలిస్తే లేచేదెవరు?

“పిలవరా!” కాసులమ్మ నా కాళ్ళు పట్టుకుంది.

కప్పిన గుడ్డ మీద తడి మెల్లగా పాకుతోంది. నేను లేచి నిలబడ్డాను.

“పిలవను అత్తా. ఆ విమానం కాగితాల అంచు కాలి ఉంది. కట్టకూడదని నాకు తెలుసు. కత్తిరించి దాచీసినాను. నీ కొడుకుని సంపింది నానే.”