గుట్ట కింద అడిగే గొంతు

గూడూరు దాటాక, అడవి అంచున ఉన్న తండాకు పోయే పొలాల బాటలో, గుట్ట కింద ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఆ చోటుకు పేరు చెడ్డది. పొద్దు గూకిందంటే అటు ఎవరూ పోరు. ఫీజు తీగ కాలి మోటర్లు ఆగిపోతే, మడి ఎండినా సరే, పగలు కూడా పైకెక్కేవాడు దొరకడు.

ఎందుకంటే... అక్కడ పైనుంచి ఒక గొంతు అడుగుతుందట.

"బందేనా?"

అంతే. ఇంకో మాట ఉండదట. జవాబు చెప్పినవాడు బతకడని కొందరంటారు, చెప్పనివాడే బతకడని ఇంకొందరు. ఏది నిజమో తేల్చుకుందామని అక్కడ నిలబడ్డ మొనగాడు మాత్రం లేడు.

ఈ సంగతి నాకు గూడూరులో చాయ్ హోటల్ నడిపే పీరా చెప్పాడు. ఆయన చెప్పినట్టే చెబుతాను. మధ్యలో ఎక్కడైనా కోపం వినపడితే అది నాది.

ముందు ఆ మాట సంగతి తెలియాలి. మా వైపు ఫీజు వేయడానికి ఒకడు పైకెక్కితే, కింద హ్యాండిల్ దగ్గర ఇంకొకడు ఉంటాడు. హ్యాండిల్ దించితే కరెంట్ బంద్, లేపితే వస్తుంది. పైవాడు తీగ మీద చెయ్యి వేసే ముందు "బందేనా?" అని అడుగుతాడు. కిందివాడు "బందే" అనాలి. ఆ మాట వినిపించేదాకా పైవాడు చెయ్యి పెట్టడు. పైవాడు దిగేదాకా కిందివాడు హ్యాండిల్ వదలడు. ఒక మనిషి ప్రాణం ఇంకో మనిషి నోటి మాట మీద ఉంటుంది.

ఆ తండాలో హీర్యా పైకెక్కేవాడు, మంగ్యా కింద నిలబడేవాడు. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు, హీర్యా పెద్ద. పదిహేనేళ్లుగా ఆ పని వాళ్లిద్దరిదే.

పోయిన ఏడు సర్పంచి ఎన్నికలు వచ్చాయి. తండా పెద్దలు కూచుని, పోటీ ఎందుకు, హీర్యాను ఏకగ్రీవం చేద్దామన్నారు. మంగ్యా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఇంటికొచ్చి కంచం పక్కకు నెట్టాడు. తండాకు పంచాయతీ కావాలని దరఖాస్తులు పట్టుకుని మానుకోట ఆఫీసుల చుట్టూ తిరిగింది తను. దండ హీర్యా మెడలోనా?

అతని భార్య కవిత అరిచే మనిషి కాదు. మెల్లగా ఒక్క మాట అంది.

"పైకెక్కేది ఆయన. హ్యాండిల్ మీద చెయ్యి నీది. గంతగనం ఆలోచన చేసుడు ఎందుకు?"

అని, గిన్నెలు సర్దుకుని లోపలికి పోయింది.

నాలుగు రోజులకు ఫీజు పోయింది. హీర్యా ఎక్కాడు. "బందేనా మంగ్యా?" అని అడిగాడు. "బందే అన్నా" అన్నాడు మంగ్యా. అప్పటికి ఆ మాట నిజమే. హీర్యా తీగ పట్టుకున్నాడు... అప్పుడు మంగ్యా హ్యాండిల్ లేపాడు. మళ్లీ దించాడు. ఆ తర్వాత గుండెలు బాదుకుంటూ తండా వైపు ఉరికాడు.

హ్యాండిల్ దించాననీ, పాత సామాను కాబట్టి మూడు తీగల్లో ఒకదానికి కరెంట్ తెగకుండా అతుక్కుపోయి ఉంటుందనీ చెప్పాడు. అందరూ నమ్మారు. హీర్యా భార్య యాకమ్మ కూడా నమ్మింది. కాష్టం దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చినవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? నెల తిరగకుండా సర్పంచి దండ అతని మెడలో పడింది.

ఒక్క యాకమ్మ తమ్ముడు చాంద్యాకే ఎక్కడో తేడా కొట్టింది. అతను భూపాలపల్లి బొగ్గు బాయిలో పనిచేస్తాడు, ఇనుప సామాను సంగతి తెలిసినవాడు. ఆ హ్యాండిల్‌ను ఒకసారి దగ్గరుండి చూద్దామన్నాడు. ఆ మాట మంగ్యా చెవిన పడింది. మర్నాడే నలుగురిలో కళ్లు తుడుచుకుంటూ, రాత్రి గుట్ట కింద అన్న గొంతు విన్నాననీ, పైనుంచి "బందేనా" అని అడుగుతున్నాడనీ చెప్పాడు. చాలు. ఇక ఆ ఛాయలకు పోయే ధైర్యం ఎవరికుంది? తమ్ముడు పోదామన్నందుకు శిక్షగా సర్కారు ఇండ్ల లిస్టులోంచి యాకమ్మ పేరు కూడా పోయింది. ఆ రోజు నుంచి ఆమె మంగ్యాతో మాట్లాడలేదు.

చూశారా ఎంత తెలివో! కానీ ఆ తెలివి రెండు నెలలు కూడా అక్కరకు రాలేదు. తను పుట్టించిన గొంతు తనకే వినపడడం మొదలైంది. స్నానం చేస్తుంటే వినపడేది, మీటింగులో కుర్చీ మీద కూచుంటే వినపడేది. ఇంట్లో కవిత రాత్రంతా లైట్లన్నీ వేసే ఉంచేది. మంగ్యా స్విచ్చి వైపు చెయ్యి చాపితే, "నువ్వు ముట్టకు" అనేది. మొగుడూ పెళ్లాల మధ్య అంతకుమించి మాటలు లేవు.

ఇక ఆ రాత్రి సంగతి.

ఫాల్గుణ మాసం. మంగ్యా మానుకోటలో పని చూసుకుని వచ్చేసరికి ఎనిమిది దాటింది. తండా మొదట్లో ఆ పొద్దునే అతను దగ్గరుండి పోయించిన సిమెంటు రోడ్డు ఇంకా పచ్చిగానే ఉంది. అడ్డంగా కంప వేసి ఉంది, రెండు పక్కలా కాలువ తవ్వి ఉంది. బండి పోదు, మనిషీ పోలేడు. అక్కడ కూచున్న నలుగురు, పొలాల బాటన పొమ్మన్నారు. అని, అతని మొహంలోకి చూశారు.

భయమని ఎట్లా చెబుతాడు? సర్పంచి కదా. నవ్వి, బండి అక్కడే పెట్టి, ఫోను లైటు కాళ్ల ముందు వేసుకుంటూ గట్టు దిగాడు.

కొంత దూరం పోయాక ఒకటి గమనించాడు... మోటర్ల చప్పుడు లేదు. ఒక్కటీ నడవడం లేదు. పోయిన ఫీజు ఇంకా ఎవరూ వేయలేదన్నమాట. అంటే గుట్ట కింద ఎవరూ ఉండరు. తొందరగా దాటేస్తే అయిపోతుంది.

తల ఎత్తకుండా నడిచాడు. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె కాళ్ల పక్కకు వచ్చింది. ఇంకో పది అడుగులు —

"బం...దేనా?"

పైనుంచే. నోట్లో ఏదో అడ్డం పడ్డట్టు, ముద్దగా ఉంది ఆ గొంతు.

ఫోను చేతిలోంచి జారి బురదలో బోర్లా పడింది. చీకటైపోయింది. మంగ్యా తల ఎత్తి పైకి చూశాడు.

"అన్నా..." అన్నాడు.

పైనుంచి మళ్లీ —

"బందేనా? చెప్పు."

మంగ్యా గద్దె ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. నాలుగు నెలలుగా గొంతులో ఉన్నదంతా గుసగుసగా బయటికొచ్చింది.

"అప్పుడు బందే ఉండె అన్నా... నువ్వు చెయ్యి పెట్టినంక నేనే లేపిన. సర్పంచి గావాలని లేపిన. గా తీగ అతుక్కున్నదన్నది అబద్ధం. నన్ను ఇడిసిపెట్టు అన్నా... జర ఇడిసిపెట్టు."



పక్కన... చెయ్యి చాపితే అందేంత దగ్గరలో... ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

మంగ్యా మెల్లగా తల తిప్పాడు. కళ్లకు చీకటి అలవాటైంది. తల మీద కొంగు కప్పుకుని ఒక మనిషి నిలబడి ఉంది. రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నాయి.

యాకమ్మ.

దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఆమె వరి పొట్టకొచ్చింది. మూడు రోజులుగా నీళ్లు లేక నెర్రెలు పడుతుంటే, దెయ్యానికి భయపడి తండాలో ఒక్కరూ తోడు రాలేదు. ఆ సాయంత్రం డ్యూటీ దిగి చాంద్యా వచ్చి పైకెక్కాడు. ఎక్కాక తలకు కట్టుకున్న లైటు చార్జింగ్ అయిపోయింది. ఫీజు తీగ పళ్ల మధ్య పట్టుకుని, చీకట్లో తడుముకుంటూ, చెయ్యి పెట్టే ముందు అందరూ అడిగినట్టే అడిగాడు. యాకమ్మ "బందే" అనబోయింది. అంతలో ఇంకెవరో అందుకున్నారు.

"వదినా..." అన్నాడు మంగ్యా.

ఆమె అతని వైపు చూడలేదు. ఇనుప కడ్డీ ఆమె చేతుల్లో సన్నగా టకటకమంటోంది. అది కొంచెం పైకి కదిలినా పైన తన తమ్ముడు ఉన్నాడు. ఆమె ఆ కడ్డీని పొట్టకు అదుముకుని పట్టుకుంది.

పైన చాంద్యా నోట్లోంచి తీగ తీశాడు. ఇప్పుడు గొంతు స్పష్టంగా అతనిదే.

"అక్కా... విన్నవా?"

"విన్న."

"దిగాల్నా?"

"ఫీజు ఎయ్యి, తమ్ముడు. బందే ఉంది, నా చెయ్యి దీని మీదనే ఉంది. నిమ్మళంగ ఏసి దిగు. ఈయన యాడికి పోడు."

మంగ్యా పోలేదు. గద్దె ముందు మోకాళ్ల మీదే ఉండిపోయాడు. పైన చాంద్యా చీకట్లో తడుముకుంటూ ఫీజు వేశాడు.

చాంద్యా రెండు కాళ్లూ నేల మీద ఆనాకే యాకమ్మ హ్యాండిల్ లేపింది. గుట్ట కింద మోటర్లన్నీ ఒక్కసారిగా మోగాయి. అప్పుడు ఆమె చేతులు వదిలి, మంగ్యా వైపు తిరిగింది.