నాలుగు మాటల పెట్టె

బెళుగుప్ప దాటి రెండు చేన్లు నడిస్తే ఆదెప్ప బావి. బావి పక్కన రేకుల షెడ్డు. రెండు వేల ఆరులో, వేరుశనగ ఊడలు దిగకముందే చేను మాడిపోయిన ఆ ఏడాది, ఒక మిట్టమధ్యాహ్నం ఆదెప్ప కూతురు చౌడేశ్వరి ఆ షెడ్డులో సెల్‌ఫోను పట్టుకుని కూర్చుంది.

ఎదురుగా గోడకు ఒక ఇనుప పెట్టె. అనంతపురంలో ఆమె పనిచేసే చిన్న కంపెనీ దాన్ని తయారు చేసింది. రైతు ఇంటి నుంచి దానికి ఫోను చేస్తే మోటరు తిరుగుతుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది. ఏమైందో పెట్టె ఫోనులోనే చెబుతుంది. మోటరు ఆన్ అయింది. మోటరు ఆఫ్ అయింది. కరెంటు లేదు. నీళ్లు లేవు. నాలుగే మాటలు. ఆఫీసులో పద్మప్రియ అనే అమ్మాయి చదివితే రికార్డు చేసి పెట్టారు. ఐదో మాట దాని పొట్టలో లేదు.

చౌడేశ్వరి టెస్టరు. ఒకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం ఆమె పని. ఇలా చేస్తే ఇది రావాలని ముందే అనుకోవాలి, తర్వాత చేసి చూడాలి. వేరేది వస్తే మళ్లీ అలాగే చేసి, మళ్లీ రప్పించి చూపించాలి. ఒకసారి కనబడి మాయమైన తప్పును ఎవరూ నమ్మరు. కొత్తగా చేరిన ఆమెకు పై అధికారి విష్ణువర్ధన్ నేర్పింది ఇదే. ఎండిన చేను పెట్టేదేమీ లేదు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే.

సాయంత్రానికి ఆమె బాగుందని చెబితే, తెల్లారి ఈ పెట్టెలు కణేకల్ వైపు పోతాయి. 'ఆఫ్ అయింది' అన్న మాట నమ్మి రైతులు బావుల్లో దిగి వైర్లు పట్టుకుంటారు. అందరికంటే ముందు దిగేది ఆదెప్పే. బావిలో నీళ్లు కనబడి ఏళ్లయింది. అడుగున వేసిన బోరు మాత్రం కాసేపు పోస్తుంది. ఆ బోరు కేబులు అతుకు వదులైంది. ఈ పూటే కట్టాలి.

ఫోను చేసింది. తిరుగుతున్న మోటరు ఆగింది.

"మోటరు ఆఫ్ అయింది," అంది పద్మప్రియ గొంతు. కొంచెం ఆగింది. ఊపిరి తీసుకున్న చప్పుడు. "ఒకరు లోపలున్నారు."

చౌడేశ్వరి ఫోను చెవి నుంచి తీసి చూసుకుంది. షెడ్డులో గబ్బిలాల రెట్ట వాసన. రేకులు ఎండకు టిక్కుటిక్కుమంటున్నాయి. ఆదెప్ప బయట గట్టు మీద బీడీ కాలుస్తున్నాడు.

వెంటనే ఫోనులో విష్ణువర్ధన్‌కు చెప్పింది. ఆయన పద్మప్రియను అడిగాడు. "నేనెందుకట్ల చదువుతా?" అని ఆమె గదమాయించడం ఫోనులో వినబడింది.

"మళ్లీ రప్పించు," అన్నాడు విష్ణువర్ధన్. "రాకపోతే బాగుందని చెప్పేయ్."

"సార్, నేను విన్నా సార్."

"ఎండలో కూర్చుంటే నాక్కూడా వినబడతాది. సాయంత్రం వరకే టైము. చేతకాదంటే చెప్పు, ఇంకొకర్ని పంపిస్తా."

మళ్లీ చేసింది. మళ్లీ మళ్లీ చేసింది. ఆన్, ఆఫ్. ఆన్, ఆఫ్. పెట్టె బుద్ధిగా తన మాటే చెప్పింది. ఆమె చెమట ఫోను మీద కారుతోంది. చెవి కాలిపోతోంది. ఏం మారింది? అప్పుడేం ఉంది, ఇప్పుడేం లేదు?

"ఏమంటాంది పాపా నీ పెట్టె?" ఆదెప్ప లోపలికి వచ్చాడు.

"లోపల ఒకరున్నారంట నాయనా."

"కప్పే బతకదు ఆ బావిలో! మనిషి యాడ నుంచి వస్తాడు?" అని నవ్వాడు. "ఆఫ్ అయినట్టేనా? అయితే దిగుతా. ఇంతసేపు నీ ఆట చూసినా."

వద్దనాలి. నోటి దాకా వచ్చింది. కానీ ఆ క్షణంలో ఆమె తలలో మెదిలింది వేరే. బావిలో మనిషి ఉంటే ఆ మాట మళ్లీ వస్తుందేమో. వస్తే చూపించవచ్చు. వస్తే నమ్ముతారు.

"ఉండు నాయనా. పెట్టె మాట నమ్మొద్దు," అని మూడు ఫ్యూజులూ పీకి చున్నీ కొసన ముడేసుకుంది. "ఇప్పుడు దిగు."

"నీ పెట్టెను నువ్వే నమ్మవా? మంచి ఉద్యోగం!"

నడుముకు తాడు కట్టుకుని, పై కొసను రాయికి చుట్టి, బావి మెట్ల మీద దిగిపోయాడు. చెప్పుల చప్పుడు కిందికి, కిందికి... ఆగింది.

ఫ్యూజులు లేవు. పెట్టెలో చిన్న బ్యాటరీ ఉంది గనక ఫోనుకు జవాబిస్తుంది. 'కరెంటు లేదు' అనాలి. అదొక్కటే అనాలి.

ఫోను చేసింది.

"మోటరు ఆఫ్ అయింది." ఊపిరి చప్పుడు. ఈసారి చెవిలోనే. "ఇద్దరు లోపలున్నారు."

ఫోను జారిపోయింది. బావి అంచుకు పరుగెత్తింది. పైన ఎండ భగభగ. లోపల సగం నుంచి చీకటి. పాచి వాసన... ఎండిన బావిలో పాచి వాసన.

"నాయనా! పైకి రా!"

"అరవద్దు." కింది నుంచి గుసగుస. "ఈడ ఎవరో... వైరు పట్టుకుని నిలబడినారు."

"నాయనా, రా..."

"నా పేరు అడుగుతాండారు పాపా."

"చెప్పొద్దు! చెప్పొద్దు నాయనా!"

తాడు పట్టుకుని లాగింది. బరువు కదల్లేదు. రాయికి కాళ్లు తన్ని, అరచేతులు చీలిపోయేలా లాగింది. ఏ దేవుడికీ మొక్కనిది అందరికీ మొక్కింది. ఉద్యోగం ఎవరికైనా పోనీ, ఈ మనిషి పైకి వస్తే చాలు. ఉన్నట్టుండి తాడు వదులైంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. పైకి, పైకి...

ఆదెప్ప ఎండలోకి వచ్చాడు. ఆమె పక్క నుంచి దాటిపోయాడు. నడుముకు తాడు లేదు. బావి అంచున ఆమెకు వీపు పెట్టి కూర్చుని, ఆ తాడును పైకి చేదడం మొదలుపెట్టాడు.

చౌడేశ్వరి నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత షెడ్డులో పడిన ఫోను తెచ్చుకుని విష్ణువర్ధన్‌కు చెప్పింది.

"బాగుందని చెప్పను సార్. నా ఉద్యోగం తీసేయండి. ఏ ఊరికీ ఈ పెట్టె పంపొద్దు."

"మళ్లీ వచ్చిందా? ఇప్పుడు చెయ్యి, వస్తాదా?"

ఆమె ఫోను పెట్టేసింది. కానీ పని నేర్చిన మనిషి. నాయన బయటికొచ్చాక పెట్టె ఏం చెబుతుందో చూడకుండా ఉండలేకపోయింది. చున్నీ ముడిలో ఫ్యూజులు మూడూ ఉన్నాయా అని తడుముకుంది. ఉన్నాయి. పెట్టె నంబరు నొక్కింది.

"మోటరు ఆఫ్ అయింది."

ఊపిరి.

"ఇద్దరు లోపలున్నారు."

ఆమె మెల్లగా తల ఎత్తింది. "నాయనా..." అని పిలిచింది.

ఆయన తిరగలేదు. తాడు చేదుతున్నాడు. ఆ తాడు అరవై అడుగులకు మించదు. ఆయన పక్కన చుట్టలు చుట్టలుగా మోకాలెత్తు పడింది. ఇంకా వస్తూనే ఉంది... నీళ్లు కారుతూ.