బదరికి ముందు ఒక పడుగు

జయశ్రీ నూలు చుట్టిన కండెల బుట్ట తెచ్చి మగ్గం పక్కన పెట్టింది. నిన్నటి బుట్టలోకి చూసింది. సగం అలాగే ఉంది.

“ఇవి ఎందుకు మిగిలినయి?” అని అడిగింది.

“నేయలేదు కాబట్టి,” అన్నాడు విఠల్.

“ఎందుకు నేయలే?”

“దారం తెగింది.”

“దినమంతా తెగుడేనా?”

“నడుమ నడుమ అతికిన.”

అది గుంత మగ్గం. గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న విఠల్ తల జయశ్రీ నడుము ఎత్తుకు వస్తుంది. కింద కూర్చున్నాడని అతను మాట తగ్గించలేదు. పైన నిలబడింది కాబట్టి ఆమె అసలే తగ్గించలేదు.

“మూడు మగ్గాలు ఖాళీ అయినయి. నీదొక్కటే ఆడుతలేదు. నా ఏనుగులను ఆపింది నువ్వే, తెలుసా?”

“ఏనుగులు ఏడికి పోతయి? అడవిల్నే ఉంటయి.”

“నేను ఏడికి పోకుండ చేస్తున్నవ్ కద.”

విఠల్ అడ్డపోగు నడిపే నాడె చేతిలోకి తీసుకున్నాడు. నాడెలో కొత్త కండె పెట్టి, తీరిగ్గా దారం లాగాడు.

షోలాపూర్ జోడ్‌భావి పేటలో సిద్ధరాములు ఇంటి ముందుగదిలో నాలుగు మగ్గాలు ఉండేవి. వాటిలో ఒకదాని మీద విఠల్ ఐదేళ్లుగా కూలికి నేస్తున్నాడు. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఏ మగ్గం మీదైనా పడుగు, అంటే ఎక్కించిన నిలువు పోగులు, సగం నేతలో ఉంటే ఇంటివాళ్లు దూరప్రయాణం పెట్టుకోరు. నేత పూర్తి కావాలి, బట్ట కోయాలి, మగ్గానికి దండం పెట్టాలి. ఆ తర్వాతే బండి ఎక్కాలి. ఇది సిద్ధరాములు తండ్రి పెట్టిన నియమం. ఆయన కరీంనగర్ దగ్గరి ఊరి నుంచి వచ్చేటప్పుడు సగం నేసిన పడుగును వదిలి వచ్చాడు. మళ్లీ ఆ ఊరు చూడలేదు. ఆ రెండింటికీ సంబంధం ఉందని చనిపోయే దాకా నమ్మాడు.

1938 చైత్రంలో ఆ ఇంటివాళ్లు హిమాలయాలకు ప్రయాణం కట్టారు. పేటలో అంతవరకు పండరి, తుల్జాపూర్, తిరుపతి వెళ్లినవాళ్లు ఉన్నారు. మంచుకొండల దాకా వెళ్లినవాళ్లు లేరు. వెళ్లేది ముగ్గురు: సిద్ధరాములు, అతని తల్లి చంద్రభాగ, కూతురు జయశ్రీ. జయశ్రీకి తల్లి లేదు. నాయినమ్మే పెంచింది.

ఎక్కడెక్కడికి వెళ్లాలన్న సంగతి రోజూ భోజనాల దగ్గర తేలేది కాదు.

“హరిద్వార్‌ల స్నానం, ఋషీకేశ్, ఆన్నుంచి బదరి. బస్,” అంది చంద్రభాగ.

“మసూరీ కూడ,” అంది జయశ్రీ. “ఆన్నుంచి మంచుకొండలు కనవడ్తయట. తిరిగొచ్చేటప్పుడు రామ్‌నగర్. ఆడ సర్కార్ ఒక అడవిని జానవర్లకే వదిలేసింది. ఎవ్వలూ బందూక్ పేల్చొద్దు. ఏనుగులు, జింకలు, పులులు. మా బడిల పాఠం చెప్పే బాయి చెప్పింది.”

“పులిని చూసెతందుకు మనం టికెట్ కొనాలె. అది మాత్రం మనల్ని ఫుకట్ల చూస్తది.”

“నేను ఏనుగుల కోసం పోతున్న నాయినమ్మా.”

“నేను దేవుని కోసం. దారిల ఏనుగు ఎదురొస్తె నేనూ చూస్త, కండ్లు మూసుకోను.”

సిద్ధరాములు చేయి కడుక్కుని వచ్చాడు. “అన్నింటికన్న ముందు బొంబాయి. ఆడ నాలుగు దినాలు ఉంటం. అవ్వకు సముద్రం చూపియ్యాలె.”

“సముద్రం నాకు కశాలా, ఎందుకు?” అంది చంద్రభాగ. “నేను గంగకు పోతున్న.”

“చూసిపోదమే అవ్వా. మల్ల ఎప్పుడు పోతం?”

అతను తల్లి వైపు చూడకుండా తువ్వాలు వెతుక్కున్నాడు. తువ్వాలు భుజం మీదే ఉంది.

మర్నాడు జయశ్రీ మళ్లీ మగ్గం దగ్గరికి వచ్చింది. బుట్ట మళ్లీ సగం నిండి ఉంది. ఈసారి ఆమె వెనక్కి పోలేదు. పక్కనున్న ఖాళీ మగ్గం పలక మీద కూర్చుంది.

“నేను ఈడనే కూసుంట. దారం ఎట్ల తెగుతదో చూస్త.”

“చూడు. ఏనుగులు దొరికెదాంక నన్ను చూడు.”

“ఎకసెక్కాలు వద్దు. ఎందుకు ఆపుతున్నవ్?”

విఠల్ నాడె పక్కన పెట్టాడు. “ఒకటి అడుగుత. దౌండ్‌ల దిగి మన్మాడ్ బండి ఎక్కితె సీదా ఢిల్లీ మీదికెల్లి హరిద్వార్ పోవచ్చు. మీరు బొంబాయి ఎందుకు పోతున్నరు?”

“సముద్రం చూసెతందుకు.”

“మీ నాయినమ్మ అడిగిందా సముద్రం?”

జయశ్రీ పలక మీద ముందుకు జరిగింది.

“మీ బాపు, కొంతం చౌక్ నర్సప్ప సేటు నా తల మీద నిలవడి మాట్లాడిన్రు. గుంతల కూసున్నోనికి చెవులుండయనుకుంటరు. బొంబాయిల బట్టల దుకాణం ఉన్న పిల్లగాడు ఉన్నడట. ఆ నాలుగు దినాలల్ల నిన్ను చూస్తరు. పసందైతె సాకర్‌పుడా ఆడనే. తర్వాత హరిద్వార్.”

సాకర్‌పుడా అంటే నిశ్చితార్థం. ఆ ఊళ్లో తెలుగువాళ్లు కూడా ఆ మాటే వాడతారు. జయశ్రీ పలక మీద నుంచి లేచింది.

“నాకు చెప్పలే బాపు.”

“చెప్తె నువ్వు బండి ఎక్కవని.”

“అందుకేనా మగ్గం ఆపినవ్?”

“దారం తెగిందన్న కద.”

“విఠల్.”

“ఆ. అందుకే.”

“బొంబాయోడు నన్ను చూస్తె నీకేంది?”

విఠల్ నాడె తీసి ఒక్కసారి విసిరాడు. అది అటు వెళ్లి ఆగింది.

“నీకు తెల్వదా?” అన్నాడు.

“తెలుసు. నీ నోటితోని చెప్తవో లేదో చూస్తున్న.”

“చెప్పిన కద ఇప్పుడు.”

“గిదా చెప్పుడు?” అంది. బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్లింది. గడప దగ్గర ఒకసారి వెనక్కి చూసింది. విఠల్ ఇంకా అటే చూస్తున్నాడు. నాడె ఆగిన చోటే ఉంది.

ఆ మర్నాటి కండెలు వదులుగా వచ్చాయి. నాడె విసిరితే దారం చుట్టలు చుట్టలుగా ఊడి చిక్కు పడింది. చిక్కు తీయడానికి చాలా సేపు పట్టింది.

“ఇవి ఎవలు చుట్టిన్రు?” అని విఠల్ అడిగాడు.

“నేనే. దారం తెగుతలేదా?”

“బరోబర్ తెగుతున్నది.”

“మరి అతుకు,” అంది జయశ్రీ.

అలా కొన్ని రోజులు ఇద్దరూ కలిసి ఒక పడుగును ఆపారు. సిద్ధరాములు అడిగితే నూలు బాగా లేదని విఠల్ చెప్పాడు. రాట్నం కుదురుగా లేదని జయశ్రీ చెప్పింది. ఇద్దరి మాటలూ వేరువేరుగా ఉన్నా సిద్ధరాములు పోల్చి చూడలేదు. అతనికి బొంబాయి తొందర ఉంది.

ఒక సాయంత్రం వాన పడింది. ఎండాకాలపు వాన. గంజి పెట్టిన పడుగుకు తేమ తగిలితే పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆ రోజు మగ్గం నిజంగానే ఆగింది. ఇద్దరూ గడపకు చెరో పక్క నిలబడి వాన చూశారు.

“ఏనుగు కనవడ్తె ఏం చేస్తవ్?” అని విఠల్ అడిగాడు.

“చూస్తనే ఉంట.”

“పులి వస్తె?”

“నీ ఎనుక నిలవడ్త.”

“నేను ఆడ ఉండ కద.”

 చూరు నీళ్లు జయశ్రీ పాదాల మీద పడుతున్నాయి. ఆమె పక్కకు జరగలేదు.

చంద్రభాగ తన ఏర్పాట్లు తను చేసుకుంటోంది. బదరి దారిలో మోటారు కొంత దూరమే పోతుందని, ఆపైన నడవాలని, లేదంటే డోలీ ఎక్కాలని ఎవరో చెప్పారు. డోలీ అంటే ఆమెకు నచ్చలేదు. నలుగురు మోసుకుపోయే పని చివరికి ఎలాగూ ఉందని, అప్పటిదాకా తన కాళ్ల మీదే పోతానని అంది. రోజూ పొద్దున రూపాభవాని గుడి దాకా నడిచి వచ్చేది. వచ్చి అరుగు మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకునేది.

వాన పడిన మర్నాడు ఆమె గుడి నుంచి వచ్చి అరుగు మీద కూర్చోలేదు. నేరుగా మగ్గం దగ్గరికి వచ్చింది. జయశ్రీ అప్పుడే బుట్ట పెట్టింది. చంద్రభాగ ఒక కండె తీసి బొటనవేలితో నొక్కింది. వేలు లోపలికి దిగింది.

“ఇది నువ్వు చుట్టినవా బిడ్డా?”

“అవ్ నాయినమ్మా.”

“చేతగానోల్లు గిట్ల చుడ్తరు. లేకుంటె కావాల్నని చుడ్తరు. నీకు చేతగాకపోవుడు లేదు, నేర్పింది నేనే.”

ఇద్దరూ తల వంచుకున్నారు.

“మీ సంగతి ఏందని నేను అడుగుతలేను. అడిగితె అబద్ధం చెప్తరు, మల్ల అది నాకు అర్థమైతది. ఒక్కటే చెప్త. బదరి తలుపులు వైశాఖంల తెరుస్తరు. ఆషాఢంల వానలు మొదలైతె కొండ దారి ఖరాబ్ అయితది. అంతలోపల పోయి రావాలె. ఈ యేడు కాళ్లు నడుస్తున్నయి. వచ్చే యేడు నడుస్తయని నేను చెప్పలేను. మీ లడాయి నా బదరి మీదికి తేవద్దు.”

కండెను బుట్టలో పెట్టి ఆమె వెళ్లిపోయింది.

విఠల్ ఆ కండెను తీసి పక్కన పెట్టాడు. “ఇంక నాతోని కాదు.”

“నాతోని కూడ.”

“గట్టిగ చుట్టి తే. నేస్త.”

“నేస్తె పడుగు అయిపోతది. బొంబాయి పోవాలె.”

“బొంబాయి సంగతి మీ బాపుకు చెప్పాలె. మగ్గానికి చెప్తె ఏం లాభం?”

“చెప్పెతందుకు భయమైతున్నది.”

“నాకూ అయితున్నది. ఆపింది నేను. ముందు నేనే చెప్త.”

ఆ రోజు మధ్యాహ్నం నుంచి ముందుగదిలో మగ్గం చప్పుడు ఆగలేదు. జయశ్రీ చుట్టిన కండెలు రాయిలా ఉన్నాయి. సాయంత్రానికి బుట్టలో ఒక్కటి కూడా మిగల్లేదు. ఆమె వచ్చి ఖాళీ బుట్ట తీసుకుపోయింది.  వారం గడవక ముందే పడుగు అయిపోయింది.

సిద్ధరాములు వచ్చి బట్ట కోశాడు. మగ్గానికి దండం పెట్టాడు. కోసిన బట్టను వాకిట్లో వెలుతురుకు పరిచి దాని మీద అరచేయి నడిపించాడు. మగ్గం ఆగి మళ్లీ కదిలిన చోట బట్ట మీద సన్నటి గీత పడుతుంది. నేత నేర్చినవాడికి అది వేలికి తగులుతుంది. అతని చేయి ఒక చోట మెల్లబడింది.

“ఈన్నుంచి ఈడిదాంక అన్ని గీతలే. తర్వాత ఒక్కటి లేదు. ఏమైంది విఠల్?”

“నేనే ఆపిన మామా. నూలు మంచిదే. పోయిన పక్షమే అయిపోయేది.”

“ఎందుకు ఆపినవ్?”

“బొంబాయి పోవొద్దని.”

సిద్ధరాములు బట్ట మీద నుంచి చేయి తీశాడు. “నా ఇంటి సంగతి నీకేంది?”

“నేను జయశ్రీని చేసుకుందమనుకున్న. అడిగే ధైర్యం లేక మగ్గం ఆపిన. అది తప్పే.”

“నేనూ ఆపిన బాపు,” అంది జయశ్రీ. తలుపు దగ్గర నిలబడి ఉంది. “వదులు కండెలు నేనే ఇచ్చిన. నన్ను అడగకుండ నన్ను చూపియ్యవడ్తివి. అడిగితె చెప్తుంటి.”

“ఏమని?”

“విఠల్‌ని చేసుకుంటనని.”

సిద్ధరాములు అరుగు మీద కూర్చున్నాడు. కోపం వచ్చినప్పుడు అతను గట్టిగా మాట్లాడడు. “దుకాణం ఉన్నోన్ని కాదని మగ్గం మీద కూసున్నోనికి ఇయ్యాల్నా?”

చంద్రభాగ లోపలి నుంచి వచ్చింది. “ద్రౌపది ఈ ఇంటికి వచ్చిన నాడు నువ్వు దేని మీద కూసున్నవ్ రాములూ?”

అప్పట్లో సిద్ధరాములు ఇంకొకరి మగ్గం మీద కూలికి నేసేవాడు. ద్రౌపది అతని భార్య. పెళ్లినాటికి ఈ నాలుగు మగ్గాల్లో ఒక్కటీ అతనిది కాదు.

“ఆమె అయ్య నిన్ను దుకాణం ఉన్నదా అని అడగలే,” అంది చంద్రభాగ.

“బొంబాయోల్లకు మాట ఇచ్చిన అవ్వా.”

“ఏమిచ్చినవ్? పిల్లను తెస్త, చూడున్రి అన్నవ్. తీసుకరాను అని నర్సప్పతోని చెప్పిపియ్. వాల్లు వేరే పిల్లను చూసుకుంటరు. నాకు బదరి ఇంకొకటి లేదు.”

సిద్ధరాములు విఠల్ వైపు చూశాడు.  తర్వాత అడిగిన మాటలు సంబంధం మాటల్లా లేవు.

“హిందీ వస్తదా?”

“వస్తది మామా.”

“మా అవ్వ డోలీ ఎక్కనంటది. కొండ దారిల ఆమె పక్కన నడుస్తవా?”

“నడుస్త.”

“ఆమె దినమంతా తిడ్తది.”

“ఐదేండ్ల నుంచి వింటున్న.”

చంద్రభాగ కర్రతో నేల మీద కొట్టింది. “ఎవలూ తిడ్తలేరు. అక్షయ తృతీయ వస్తున్నది. ఆ దినానికి ముహూర్తం చూడ పనిలేదు. లగ్నం చేసి కొత్త జంటను దేవుని దగ్గరికి తీస్కపోవుడు మన రివాజే కద. తుల్జాపూర్ మొక్కు తీర్చి సీదా బదరి పోదం.”

“రేపో మాపో అంటె ఎట్లనే అవ్వా. విఠల్ వాల్ల అవ్వ ఏమంటదో,” అన్నాడు సిద్ధరాములు.

“అంజమ్మ ఏమంటది? పోయిన యేడే నన్ను అడిగింది. ఆమె కొడుకే నోరు తెరువలే.”

విఠల్ తల్లి పేరు అంజమ్మ. ఆమె అలా అడిగిన సంగతి అతనికి తెలియదు. జయశ్రీ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలి గోడ వైపు తిరిగింది.

సిద్ధరాములు బట్టను మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఒక కొస అతను పట్టుకున్నాడు. రెండో కొసకు విఠల్ చేయి చాచాడు. సిద్ధరాములు ఒక క్షణం ఆగి, ఆ కొస అతనికి అందించాడు.

“జయా,” అన్నాడు, మడత మీంచి కళ్లెత్తకుండా. “నీ రామ్‌నగర్ అడవిల ఏనుగులు కనవడకపోతె ఏం చేస్తరు?”

“కనవడెదాంక ఆడనే ఉంటం.”

“ఉంటం అంటె? ఎంతమందిమి?”

జయశ్రీ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. తండ్రిని చూసింది, నాయినమ్మను చూసింది. చివరికి బట్ట కొస పట్టుకుని నిలబడ్డ విఠల్‌ను చూసింది.

“నలుగురం,” అంది.