మొరం బాట టైర్లు

తెల్లవారగానే గట్టయ్య దుకాణం ముందు పంపు చప్పుడు మొదలవుతుంది. హన్మకొండ చౌరస్తాకు కాస్త ఇవతల, ఇంటి ముందు గదిలోనే ఆయన సైకిల్ టాక్సీ. కిరాయి సైకిళ్ళన్నీ వరుసగా నిలబెట్టి, ఒక్కోదానికి గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూస్తాడు. వేలు కాస్త లోపలికి దిగిందంటే మళ్ళీ పంపు అందుకోవాల్సిందే. అన్నం తిన్నావా అని నోరారా అడగడం చేతకాని మనిషి. ఎవరి మీద ప్రేమ పుట్టినా వెళ్ళి వాళ్ళ సైకిల్‌కు గాలి కొడతాడు.

కోడలు అనసూయ మీద ఆ ప్రేమ మరీ ఎక్కువ. మడికొండ దాటాక ఒక పల్లెలో ఆమె బాలవాడి టీచరు. పెళ్ళయి వచ్చిన మర్నాటి నుంచీ ఆమె సైకిల్‌కు ఆయనే స్వయంగా గాలి కొడుతున్నాడు.

"ఏం ట్యూబో ఏమో బిడ్డా! పొద్దుగాల గట్టిగ కొడుతాన. పొద్దుమీకేసరికి మెత్తవడ్తాంది. వాల్‌ట్యూబు మార్చిన, తొట్ల ముంచి చూసిన. ఒక్క బుడగన్న రాలే."

"ఏమో మామా," అంది అనసూయ, చూపు చెప్పుల మీద పెట్టి.

ఆమెకు తెలియక కాదు. మడికొండ దగ్గర తారు రోడ్డు వదిలి ఎర్రమొరం బాట ఎక్కే చోట రోజూ దిగి, వాల్ నట్టు కొంచెం వదులు చేసి, మామ కొట్టిన గాలిలో కొంత తీసేస్తుంది. రాయిలాంటి టైరు మొరం మీద ప్రతి గులకరాయికీ ఎగిరిపడుతుంది. కాస్త మెత్తగా ఉంటే రాళ్ళ మీద కుదురుగా ఆనుకుని పోతుంది, కాళ్ళకు శ్రమ కూడా తక్కువ. ఈ మాట మామకు చెబితే ఎంత నొచ్చుకుంటాడోనని రెండేళ్ళుగా దాచింది. ఆయన రెండేళ్ళుగా లేని పంచరు కోసం వెతుకుతున్నాడు.

ఆ ఏడు జిల్లా ఆటల పోటీల్లో ఆడవాళ్ళకు కూడా సైకిల్ పందెం పెట్టారు. తారు రోడ్డు మీద కాదు, మడికొండ గుట్ట చుట్టూ. మొరం, కంకర, బండ్ల బాట, చివర్లో మాత్రం కొంచెం తారు. మొదట వచ్చిన ఇద్దరినీ హైదరాబాద్ పోటీలకు పంపుతారు. అనసూయ ఇంట్లో ఎవరినీ అడగకుండానే పేరిచ్చి వచ్చింది. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఇచ్చింది తీసుకోవడమే తప్ప ఆమె నోరు తెరిచి కోరుకున్నది ఏదీ లేదు. ఈ పందెం ఒక్కటే కావాలనుకుంది.

మామ తిడతాడేమోనని భయపడింది. గట్టయ్య మాత్రం దుకాణంలో ఉన్న వాళ్ళందరికీ టీ చెప్పాడు.

"నా కోడలు పందెంల ఉరుకుతాంది! సోమక్కా, ఇన్నవా?"

"ఇన్న గని, చీర కట్టుకొని ఎట్ల తొక్కుతదయ్యా?" అని వంటింట్లోంచి భార్య సోమక్క అరిచింది. ఆ సాయంత్రమే వెళ్ళి కోడలికి పంజాబీ డ్రెస్సు గుడ్డ కొనుక్కొచ్చింది కూడా ఆమే.

పందెం ఆదివారం. శుక్రవారం అనసూయ పల్లె నుంచి వచ్చేసరికి గట్టయ్య దుకాణంలో నేల మీద కూర్చుని ఉన్నాడు. అటక మీద తెల్లగుడ్డలో చుట్టి ఉండే సన్న టైర్లు కిందికి దిగాయి. కొడుకు, అంటే అనసూయ భర్త మొగిలి, ఒకప్పుడు పందేలు తొక్కేవాడు. అతని కోసం ప్రత్యేకంగా సికింద్రాబాద్ పోయి, దుకాణాలన్నీ తిరిగి తెచ్చిన టైర్లవి. ఒక్క పందెమే చూశాయి. ఆ పందెంలోనే మొగిలి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. మళ్ళీ సైకిల్ ముట్టలేదు, మిల్లుకు బస్సులో పోతాడు. దారి చూసుకోకుండా తొక్కి పడ్డాడని, ఆ తర్వాత పిరికిపడి మానేశాడని గట్టయ్య నమ్మకం.

అనసూయ సైకిల్‌కు ఆ టైర్లు అప్పుడే ఎక్కేశాయి.

"చూడు బిడ్డా, వేలు పెట్టి నొక్కు. ఇనుము లెక్కుంటది. దీని మీద కూసుంటే గాలి లెక్క పోతవ్."

అనసూయ నొక్కి చూసింది. దుకాణం ముందు సందులో ఓసారి తొక్కి వచ్చింది కూడా. తారు మీద టైర్లు నిజంగానే జారిపోతున్నట్టు పరిగెత్తాయి. పక్కన కంకర పోసిన చోటుకి పోగానే హ్యాండిల్ చేతుల్లోంచి ఊడినంత పనైంది. దిగి నడిపించుకుంటూ వచ్చింది.

"మామా, ఇవి వద్దు. నా పాతవే ఉండనీ."

"గా అరిగిన టైర్లా? సైకిల్ దుకాణపోని కోడలు అరిగిన టైర్లేసుకొని పందానికి పోతే నా ఇజ్జతేం గావాలె?"

"ఇజ్జత్ కాదు మామా. నేను ఆ బాట మీద రోజూ పోతాన..."

"నేను పుట్టి బుద్ధెరిగినకాన్నుంచి టైర్లే చూస్తాన! నీకు తెలుస్తదా, నాకా?"

సరిగ్గా అప్పుడే మొగిలి మిల్లు నుంచి వచ్చాడు. సైకిల్‌ను చూశాడు, టైర్లను చూశాడు. సంచి గడప మీదే వదిలేశాడు.

"బాపూ, అవి తియ్యి."

"ఎందుకు తియ్యాలె? నీకు చాతగాలే, ఆమెనన్న గెలువనీ!"

అనకూడని మాట అది. అన్న వెంటనే గట్టయ్యకు తెలిసింది, కానీ పంపులోంచి పోయిన గాలిలాగే నోట్లోంచి వచ్చిన మాటా వెనక్కి రాదు కదా. మొగిలి ముఖం ఎర్రబడింది.

"చాతగాక పడలే బాపూ. నేను దారి చూసుకుంటనే తొక్కిన. కంకర మీద మలుపుకాడ ఈ ముంగటి టైరు ఆగలే. నువ్వు పొద్దుగాల దాన్ని రాయి లెక్క జేసి ఇచ్చినవ్. నన్ను పడేసింది ఇదే."

గట్టయ్య ముందరి టైరు వైపు చూశాడు. "మరి గప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

"ఎట్ల చెప్పాలె? దవాఖానల నాకు సోయొచ్చి కండ్లు తెరిస్తే నువ్వు తలాపున కూసున్నవ్. 'ఫికర్ జెయ్యకు బిడ్డా, టైర్లకేం గాలే, మంచిగున్నయ్' అన్నవ్. నువ్వు నా కోసం సికింద్రాబాద్ అంత తిరిగి తెచ్చినవ్. నీ టైర్లే నన్ను పడేసినయని ఏ నోటితోటి అనాలె? నేను పిరికోన్నని నువ్వు అనుకున్నా సరే అని ఊకున్న."

సోమక్క వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. గట్టయ్య చేతిలో పానా అలాగే ఉండిపోయింది.

ఇక దాచి లాభం లేదనుకుంది అనసూయ. "మామా, నా ట్యూబుకు పంచర్ లేదు. మడికొండ కాడ రోజూ గాలి నేనే తీస్తాన. మీరు బాధపడతరని చెప్పలే."

గట్టయ్య కోడలిని చూశాడు, కొడుకును చూశాడు, మూలనున్న నీళ్ళ తొట్టిని చూశాడు. "నా ఇంట్ల ఎవ్వలూ నాకు నిజం చెప్పరన్నట్టు," అని చిన్నగా అని, పానా కింద పెట్టి లోపలికి పోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. తనకు చెప్పడానికి పిల్లలు భయపడ్డారన్న మాటే ఆయన్ని ఎక్కువగా కాల్చింది.

శనివారం పొద్దున పంపు చప్పుడు లేదు. అనసూయ బయటికి వచ్చేసరికి గట్టయ్య కిరాయి రిక్షాలో నాలుగైదు రకాల టైర్లు, పంపు, పానాలు వేసుకుని కూర్చున్నాడు.

"పా బిడ్డా, నీ బాట నాకు చూపియ్యి. మొగిలీ, నువ్వు గూడ రా."

మొరం బాటలో ఒక వాలు మొదట్లో పెద్ద బండ ఉంది. గట్టయ్య అక్కడ నిలబడ్డాడు. "ఈ బండకాడికెల్లి తొక్కకుంట వదులు. ఎక్కడిదాంక పోతవో చూస్త."

ముందు సన్న టైర్లతో వదిలింది. సైకిల్ టకటకా ఎగురుతూ, ఎగిరిన ప్రతిసారీ వేగం తగ్గుతూ, తుమ్మచెట్టు దగ్గర ఆగిపోయింది. గట్టయ్య అక్కడ ఒక రాయి పెట్టాడు. తర్వాత ఆమె పాత టైర్లు ఎక్కించి, అలవాటు కొద్దీ రాయిలా గాలి కొట్టాడు. తుమ్మచెట్టు దాటి కొంచెం పోయింది. అక్కడా ఒక రాయి పెట్టాడు.

"ఇప్పుడు నీ ఇష్టమొచ్చినంత తియ్యి," అన్నాడు.

అనసూయ నట్టు వదులు చేసింది. సుయ్‌మని గాలి పోతుంటే గట్టయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఈసారి సైకిల్ చప్పుడు లేకుండా దిగి, రెండు రాళ్ళనూ దాటి, కల్వర్టు దాకా పోయి ఆగింది. ఆయన నమ్మలేక ఇంకోసారి చేయించాడు. మళ్ళీ కల్వర్టే.

దుకాణంలో నేల నున్నటి బండలు. జీవితమంతా టైరును ఆ బండల మీదే నొక్కి చూశాడు. మొరం బాటకు తెచ్చి చూద్దామని ఒక్కనాడూ తోచలేదు. గట్టయ్య కల్వర్టు మీద కూర్చుని, పక్కన నిలబడ్డ మొగిలి వంకర మోచేతిని పట్టుకున్నాడు.

"టైర్లకేం గాలేదన్నది, నువ్వు మళ్ళ తొక్కుతవని ధైర్యం జెప్పనీకి అన్నరా. నీకంటె టైర్లు ఎక్కువైనయనుకున్నవా నాకు?" అంటూ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"నాకిప్పుడు సమజైంది బాపూ," అన్నాడు మొగిలి. అతని కన్నీళ్ళూ ఆగలేదు.

కాసేపటికి ముక్కు చీది లేచింది గట్టయ్యే. "ఊ, పని జూద్దాం. ఎనక అరిగినదే ఉండనీ, నున్నగున్నది గదా, ఉరుకుతది. ముంగట మాత్రం గళ్ళున్న ఎడల్పు టైరెయ్యాలె, మలుపుకాడ పట్టుంటది. ఏమంటవ్ బిడ్డా?"

ఏమంటావని మామ అడగడం అదే మొదటిసారి. "అదే మంచిగుంటది మామా," అంది అనసూయ, సంతోషం పట్టలేక నవ్వుతూ.

ఆదివారం పందెం మొదలయ్యే చోట చౌరస్తా సైకిల్ దుకాణాల వాళ్ళందరూ చేరారు. గట్టయ్య వాళ్ళందరి ముందే మోకాళ్ళ మీద కూర్చుని, కోడలి టైరు నొక్కి, నట్టు వదులు చేశాడు.

"గట్టయ్యా, ఏం జేస్తానవే? గాలి తీస్తానవా?" అని ఒకడు పగలబడి నవ్వాడు.

"నా కోడలు తియ్యమన్నది, తీస్తాన," అన్నాడు గట్టయ్య తలెత్తకుండా. "చాలా బిడ్డా? ఇంక జరనా?"

"చాలు మామా."

మొరం మీద అనసూయ అందరికంటే ముందుంది. గుట్ట వెనక మలుపులో ఇద్దరు జారిపడితే, ఆమె ముందు టైరు కంకరను పట్టుకుని తిరిగింది. చివరి తారు రోడ్డు మీద మాత్రం సన్న టైర్ల అమ్మాయి ఒకతి ఆమెను దాటేసింది. అనసూయ రెండోది. రెండోది అంటే హైదరాబాదే. సోమక్క ఎవరు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా కోడలిని వాటేసుకుని ఏడ్చేసింది.

మర్నాడు తెల్లవారి మళ్ళీ పంపు చప్పుడు వినబడింది. మొగిలి బస్సుకని సంచి తగిలించుకుని వచ్చి, గుమ్మంలో ఆగిపోయాడు. వెనక కొట్టంలో దుమ్ము పట్టి ఉండాల్సిన తన పాత సైకిల్ కడిగి, నూనె పెట్టి, దుకాణం ముందు నిలబెట్టి ఉంది. రెండు చక్రాలకూ కొత్త వెడల్పు టైర్లు. పక్కన గట్టయ్య, అడగడానికి మొహమాటపడే వాడిలా పంపు పట్టుకుని నిలబడ్డాడు.

మొగిలి సంచిని హ్యాండిల్‌కు తగిలించి, వంగి, వంకర చేతి బొటనవేలితోనే టైరు నొక్కాడు.

"ఇంక జర తియ్యి బాపూ."

గట్టయ్య పంపు పక్కన పెట్టి, నట్టు మీద చెయ్యి వేశాడు.