ఓపెన్ వైవాలో జీవన్ ప్రశ్న

చచ్చిపోయిన మనిషి మీద కుళ్లుకోవడం జీవన్‌కు అలవాటైపోయింది. ఆ మనిషి ఒక పేరుమోసిన అమెరికా నవలాకారుడు. కవిత ఆయన నవలలనూ వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి పీహెచ్‌డీ చేస్తోంది.

"తిన్నవా?" అని జీవన్ జనగామ నుంచి ఫోన్ చేసేవాడు.

"ఆగు జర. ఆయన యుద్ధం మీద రాసింది చదువుతున్న. ఎంత మంచిగ రాసిండో ఆయన."

మొగుణ్ణి అన్నట్టు ఆ 'ఆయన' ఏమిటో. జీవన్ జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్తాడు. ఎంఏలో కలిసి చదివిన నాటి నుంచీ కవితంటే ప్రాణం, చెప్పడానికే నోరు రాదు. ఆయనగారిలో ఏముందో చూద్దామని ఆ పుస్తకాలన్నీ చదివాడు. చదివాక మంట ఇంకా పెరిగింది. నిజంగానే బాగా రాశాడు మరి.

కవిత పీహెచ్‌డీ వైవా రోజు ఆమెకు కప్పడానికి శాలువా కొనుక్కుని యూనివర్సిటీకి వెళ్తే, అక్కడ బతికున్నవాడు ఒకడు తగిలాడు. మహబూబాబాద్ అవతల, గార్ల దగ్గరి తండా నుంచి కవిత నాన్న హరిలాల్ చుట్టాలతో జీపు దిగగానే, ఇస్త్రీ చొక్కా కుర్రాడొకడు ఎదురెళ్లాడు.

"బాపూ, మీరు నీడకు కూసోండ్రి. భోజనాల సంగతి నేను చూసుకుంట."

"ఎవరాయన?" అని జీవన్ గేటు దగ్గరి అటెండర్‌ను అడిగాడు.

"అజయ్. భూపాలపల్లి పిలగాడు. పొద్దుగాల్నుంచి ఇంటల్లుని లెక్క తిరుగుతుండు."

ఇంటల్లుడన్న మాటకు జీవన్‌కు ఒళ్లంతా కారం రాసినట్టయింది. పోటీ ఒక్క అమెరికావాడితోనే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

వైవా అంతా ఇంగ్లిష్‌లోనే సాగింది. చివర్న, ఓపెన్ వైవా కాబట్టి ఎవరైనా ప్రశ్న వేయవచ్చన్నారు చైర్మన్ గారు. మామూలుగా ఎవరూ వేయరు, అప్పటికి అందరి ధ్యాసా బిర్యానీ మీదే ఉంటుంది. జీవన్ లేచి నిలబడ్డాడు.

"ఈయన నవలల్లో మగవాళ్లు మనసులో మాట టక్కున చెప్పేస్తారు. వ్యాసంలో మాత్రం, ప్రేమించిన అమ్మాయిని ఇంకొకడు పెళ్లాడుతుంటే చూస్తూ నిలబడ్డానని రాసుకున్నాడు. మీరు దేన్ని నమ్ముతారు?"

కవిత అతణ్ణి ఒక్క క్షణం తేరిపార చూసింది. చెంపలు కందాయి.

"రెండింటినీ. చెప్పలేనివాడే చెప్పేవాళ్లను కల్పిస్తాడు. కాని ఆ అమ్మాయి కూడా ఎదురుచూసి ఉంటుందన్న సంగతి, పాపం, ఆయనకు ఎక్కడా తట్టలేదు."

"సమాధానం సరిపోయిందా?" అన్నారు చైర్మన్.

"లేదు సార్."

"అయితే మిగతాది భోజనాల దగ్గర తేల్చుకోండి."

హాలంతా నవ్వింది. బయట షామియానా కింద జీవన్ ఆమెను పట్టుకున్నాడు.

"అజయ్ ఎవరు?"

"నా తర్వాత వైవా వానిదే. మా గైడ్ దగ్గర ఒకరి వైవాకు వెనుకొచ్చెటోళ్లు చాకిరి చేసుడు రివాజు. నేను గూడ మా సీనియర్ సుమలతక్క వైవాల పెరుగు వడ్డించిన. అగో, వాని భార్య గాడ పిల్లనెత్తుకొని నిలబడ్డది."

జీవన్‌కు ప్రాణం లేచొచ్చింది, వెంటనే సిగ్గూ వచ్చింది.

"గిన్ని పుస్తకాలు చదివినవు గని, ఒక్క మాట అడగరాదాయె నీకు. అడిగితే కాదంటనా?" అంది కవిత.

అతను నోరు తెరిచేలోగా హరిలాల్ విస్తరి పట్టుకుని వచ్చాడు.

"నీ ఇంగ్లీషు నాకు సమజ్ కాలే పిలగా. నువ్వు లేవంగనే నా బిడ్డ ముఖం ఎర్రగైంది. ఏమడిగినవు?"

కవిత సాయానికి రాలేదు. చేతులు కట్టుకుని చూస్తోంది.

"మీ బిడ్డను పెళ్లి చేసుకుంటనని అడిగిన బాపూ."

హరిలాల్ కూతురి వైపు చూశాడు. ఆమె అవునన్నట్టు తలూపింది. ఆయన తన పక్క కుర్చీ లాగాడు.

"గింత ముచ్చటకు ఇంగ్లీషెందుకు? కూసో. అజయ్, ఈ పిలగానికి జర ముక్కలు ఎక్కువెయ్యి."